నిలబడి చూసిన సీరియల్

మా సుల్తానాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయేది ఎక్కువగా మగవాళ్లే. కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన ఒక అక్క నాకు తెలుసు. అరబ్బీ ఎట్లా వచ్చిందంటే "టీవీ చూసి" అంటది. యజమానురాలు సోఫాలో కూర్చొని ఎంబీసీ చూసేదట. ఈమె చాయ్ పళ్లెంతో నిలబడి చూసేదట.

1991లో లండన్‌లో మొదలై, 2002లో దుబాయికి మారిన ఆ సౌదీ ఛానల్, 2008లో 'నూర్' అనే టర్కీ సీరియల్‌ను అరబ్బీలో చూపింది. భార్య ఉద్యోగాన్ని గౌరవించే భర్త కథ. చివరి భాగాన్ని 8.5 కోట్ల మంది చూశారని ఛానల్ లెక్క. చూడొద్దని సౌదీ ముఫ్తీ అన్నాడు. అరబ్ స్త్రీలు కొత్త కలలు కంటున్నారని పత్రికలు రాశాయి. సంతోషమే.

కానీ అదే గదిలో ఇంకో స్త్రీ ఉంది కదా! ఆమె కలల మాటేమిటి? రోజుకు 12 గంటలకు మించి పని చేయించొద్దని, వారానికో సెలవు ఇవ్వాలని కువైట్ చట్టం చేసింది 2015లో. అప్పటిదాకా ఆమె శ్రమకు గంటల్లేవు.

ముఫ్తీని విమర్శించడం తేలిక. ఇంటిపని కార్మికుల కోసం 2011లో వచ్చిన ఐఎల్‌ఓ 189వ ఒప్పందాన్ని మన దేశమూ ఆమోదించలేదు. మా ఇంట్లో అంట్లు తోమే ఆమె సీరియల్ చూసేది గడప దగ్గర నేలమీద కూర్చొనే. కుర్చీలో కూర్చొమ్మని నేనేనాడూ అనలేదు. ఆమెను నేలమీద కూర్చోబెట్టి మనం మాట్లాడే విముక్తి ఎవరిది?