స్పీడు సంగతి తర్వాత.. ముందు స్పేర్‌పార్ట్స్ చూడండి!

రీల్‌లో చూసే ఉంటారు. రెండు జానల పొడవుండే కారు ఇసుక దిబ్బ మీంచి గాల్లోకి లేస్తుంది. ఓ పల్టీ కొట్టి, నాలుగు చక్రాల మీద దిగి, దుమ్ము రేపుకుంటూ పోతుంది. కింద కామెంట్లలో అందరిదీ ఒకటే ప్రశ్న.. 'ఎంత బ్రో?'

ఆ వెంటనే షాపింగ్ యాప్ తెరిచి 'ఆర్‌సీ కార్' అని కొడతాం. వెయ్యి లోపు వాటి నుంచి యాభై వేలు దాటినవాటి దాకా వరసకట్టి కనిపిస్తాయి. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. అన్నిటికీ లావు టైర్లు, అన్నిటి కిందా 'హై స్పీడ్' అన్న మాట. పండక్కి పెద్దవాళ్లు ఇచ్చిందీ, పాకెట్ మనీలో మిగిల్చిందీ కలిపి పదివేలు దాచుకున్నవాళ్లు ఇక్కడ తప్పు కారు ఎంచుకుంటే, మళ్లీ అంత డబ్బు చేరేసరికి ఏడాది పడుతుంది.

అందుకే ముందే ఒక మాట. ఆఫ్‌రోడ్ కారు అన్నాక విరుగుతుంది. ఎంత ఖరీదైనదైనా సరే, ఏదో ఒక రోజు రాయికి కొట్టుకుని ముందు చక్రాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ఆర్మ్ పుటుక్కుమంటుంది. ఆ ముక్క విడిగా దొరికితే వారంలో కారు మళ్లీ గ్రౌండ్‌లో ఉంటుంది. దొరక్కపోతే అటకెక్కుతుంది. బడ్జెట్‌లో కొనేవాళ్లు చూడాల్సింది ముందు ఇదే.

బొమ్మ కారా? హాబీ కారా?

ఈ రెండిటికీ తేడా రిమోట్ పట్టుకుంటే తెలిసిపోతుంది. బొమ్మ కారులో ఎడమ బటన్ నొక్కితే చక్రాలు పూర్తిగా ఎడమకి తిరుగుతాయి, వదిలితే నిటారుగా వస్తాయి. మధ్యలో ఏమీ లేదు. హాబీ కారులో మీరు ఎంత తిప్పితే చక్రం అంతే తిరుగుతుంది. వేగమూ అంతే, ట్రిగ్గర్ ఎంత లాగితే అంత. యాప్‌లో ఈ లక్షణాన్ని 'ప్రపోర్షనల్ కంట్రోల్' అంటారు. స్టీరింగ్‌కీ, వేగానికీ రెండిటికీ అది ఉందో లేదో చూడండి.

రెండో పరీక్ష ఇంకా తేలిక. కారు మోడల్ నంబర్ పక్కన 'ఆర్మ్', 'స్పర్ గేర్', 'డ్రైవ్ షాఫ్ట్', 'సర్వో' అని ఒక్కొక్కటీ చేర్చి వెతకండి. నాలుగూ మన దేశంలోనే, స్టాకులో దొరుకుతుంటే మంచి గుర్తు. ఎంత వెతికినా కారు ఫొటోనే వస్తుంటే దాన్ని వదిలేయండి. మోడల్ నంబరే లేకుండా అమ్మేదాని జోలికి అసలు పోవద్దు.

స్పేర్ల విలువ తెలియాలంటే జపాన్ కంపెనీ టామియా తెచ్చిన 'గ్రాస్‌హాపర్' బగ్గీని చూడండి. 1984లో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తక్కువ ధరలో వచ్చింది. వెనక చక్రాలకే శక్తి అందుతుంది, మోటారు చిన్నది, మహా వేగం ఏమీ లేదు. అయినా 2005లో మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. ఇన్నేళ్లయినా దానికి అభిమానులున్నారంటే కారణం ఒకటే. స్క్రూ స్క్రూ విప్పొచ్చు, ముక్క ముక్క మార్చొచ్చు. అయితే ఇలాంటి కిట్లు కొనేటప్పుడు పెట్టె మీది వివరాలు చదవాలి. చాలా కిట్లలో రిమోట్, బ్యాటరీ, చార్జర్ ఉండవు. అన్నీ అమర్చి వచ్చే కారు కావాలంటే 'ఆర్‌టీఆర్' అన్న మూడక్షరాలు చూడాలి. 'రెడీ టు రన్' అని అర్థం.

మీ నేలను బట్టి కారు

చదునైన మట్టి గ్రౌండ్ ఉంటే బగ్గీ బాగుంటుంది. నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో తొందరగా పల్టీ కొట్టదు. గడ్డి, గులకరాళ్లు, గతుకులు ఉన్నచోట మాన్‌స్టర్ ట్రక్ నయం. పెద్ద చక్రాలు, నేలకీ పొట్టకీ మధ్య ఎక్కువ ఖాళీ. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గుట్టలు ఉన్నవాళ్లు, అపార్ట్‌మెంట్ తప్ప వేరే జాగా లేనివాళ్లు రాక్ క్రాలర్ గురించి ఆలోచించవచ్చు. నడక వేగంతో రాళ్లెక్కుతుంది. నెమ్మదిగా పోతుంది కాబట్టి విరగడమూ తక్కువే.

ఊళ్లో కోతలైన వరి మడిలో నడపాలనుకుంటున్నారా? చిన్న కారుకి ఆ మోళ్లు చెట్ల మొద్దుల్లాంటివి. కారు మీద '1/24' అనో '1/10' అనో ఉండేది అసలు బండితో పోలిస్తే ఎన్నో వంతు అన్న లెక్క. కింద అంకె పెరిగేకొద్దీ కారు చిన్నదవుతుంది. 1/24 కారుకి మన గులకరాయి బండరాయి. గరుకు నేలకి 1/16 లేదా 1/14 కంటే చిన్నది తీసుకోకండి. 1/10 అయితే ఇంకా హాయి కానీ దాని బ్యాటరీకీ, స్పేర్లకీ ఖర్చు ఎక్కువ.

విశాఖ, కాకినాడ, సూర్యలంక బీచ్‌లు వీడియోకి బాగుంటాయి. కానీ ఇసుక గేర్లలో దూరి అరగదీస్తుంది, ఉప్పు నీరు బేరింగులకి తుప్పు పట్టిస్తుంది. 'వాటర్‌ప్రూఫ్' అని రాసున్నా సరే, అది సముద్రానికి వర్తించదనుకోండి.

అరవై కిలోమీటర్ల ఆశ

ప్రకటనల్లో 'గంటకు 60 కి.మీ.' అని చూసి పడిపోకండి. 22 గజాల క్రికెట్ పిచ్‌ని ఆ వేగంతో పోయే కారు దాదాపు 1.2 సెకన్లలో దాటేస్తుంది. మీరు కంగారుపడి బ్రేకు వేసేలోపు గోడ వచ్చేస్తుంది. 30 కి.మీ. అయితే 2.4 సెకన్లు. నేర్చుకునేవాళ్లకి ఇదే ఎక్కువ.

మోటార్లు రెండు రకాలు. బ్రష్‌డ్ మోటారు చవక, పాడైతే మార్చడమూ చవకే. కాకపోతే లోపలి బ్రష్‌లు వాడేకొద్దీ అరుగుతాయి. బ్రష్‌లెస్‌లో ఆ అరుగుదల లేదు, వేగం ఎక్కువ, ధరా ఎక్కువే. ఆ బలానికి గేర్లు, షాఫ్టులు కూడా తట్టుకోవాలి. లోహం గేర్లు లేని చవక బ్రష్‌లెస్ కంటే గట్టి గేర్లున్న బ్రష్‌డ్ కారు మొదటిసారి కొనేవాళ్లకి మేలు. ఇంకోటి, చాలా చవక మోడళ్లలో రిసీవర్, స్పీడ్ కంట్రోలర్ ఒకే బోర్డు మీద ఉంటాయి. ఒకటి పోతే రెండూ పోయినట్టే. విడివిడిగా ఉన్నది దొరికితే నాలుగు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి.

పది నిమిషాల ఆట, మూడు గంటల చార్జింగ్

ఈ విషయం కొన్నాక గానీ చాలామందికి తెలీదు. చిన్న కార్లతో తరచూ వచ్చేది 7.4 వోల్టులు, 1500 ఎంఏహెచ్ బ్యాటరీ. కారు సగటున 9 ఆంపియర్లు లాగితే అది 10 నిమిషాల్లో అయిపోతుంది. పెట్టెలో ఇచ్చే యూఎస్‌బీ చార్జర్ అర ఆంపియర్‌ది అయితే మళ్లీ నిండడానికి 3 గంటలు. అంటే వేగం కోసం పెట్టే అదనపు రెండు వేలు రెండో బ్యాటరీకీ, మంచి బ్యాలెన్స్ చార్జర్‌కీ పెడితే ఆట రెట్టింపవుతుంది. కొనేముందు ప్లగ్ ఒకటేనా, బ్యాటరీ ఆ గూట్లో పడుతుందా చూసుకోండి.

లైపో బ్యాటరీతో మాత్రం ఆటలొద్దు. 7.4 వోల్టుల ప్యాక్‌లో రెండు సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, 3 కంటే కిందికి పోకూడదు. కారు మందగించగానే ఆపేయండి. చల్లారాకే చార్జింగ్ పెట్టండి. రాత్రి దిండు పక్కన పెట్టి నిద్రపోవద్దు. ప్యాక్ ఉబ్బితే ఇక వాడొద్దు, మంట అంటుకునే ప్రమాదం ఉంది. కొన్ని వారాలు పక్కన పెట్టేటప్పుడు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచితే ఎక్కువకాలం మన్నుతుంది. ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు చిన్నవాళ్లయితే నైమెచ్ బ్యాటరీ కారు చూడండి. బరువెక్కువ, ఊపు తక్కువ, కానీ కాస్త మొరటుగా వాడినా ఓర్చుకుంటుంది.

విదేశీ ధర చూసి మోసపోవద్దు

'అక్కడ సగం ధరేగా' అనిపిస్తుంది. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. దాని మీద జీఎస్టీ, కొరియర్ చార్జీ. పైగా లిథియం బ్యాటరీలు విమానంలో పంపడానికి ప్రమాదకర వస్తువుల నిబంధనలుంటాయి కాబట్టి చాలామంది అమ్మకందార్లు విడిగా బ్యాటరీ పంపరు. పార్ట్స్ ఇక్కడ దొరికే కారే నిజంగా చవక.

సెకండ్‌హ్యాండ్ అయితే నేరుగా వెళ్లి చూడండి. చక్రాలను చేత్తో తిప్పితే గరగర రాకూడదు. అటూ ఇటూ ఊపితే వదులుగా ఆడకూడదు. స్క్రూల తలలు అరిగిపోయి ఉంటే లోపలికి వెళ్లడం కష్టం. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాని ధర తీసేసి బేరమాడండి.

పదివేలు ఎలా పంచాలి?

కారుకి 7 వేలు. రెండో బ్యాటరీ, చార్జర్‌కి 1500. హెక్స్ స్క్రూడ్రైవర్ల సెట్‌కి 500. మిగిలిన వెయ్యి ముట్టుకోవద్దు. అది మొదటి ఆర్మ్ విరిగిన రోజు కోసం. మొత్తం పదివేలూ కారుకే పెడితే ఆ రోజు చేతులు కట్టుకుని కూర్చోవాలి.

కారు వచ్చిన రోజు తిన్నగా జంప్ చేయించకండి. మొదటి బ్యాటరీ మొత్తం సగం వేగంతోనే, జనం లేని గ్రౌండ్‌లో నడపండి. రోడ్డు మీద, పిల్లలు ఆడేచోట వద్దు. ఆ వేగంతో కాలికి తగిలితే బొమ్మ అనిపించదు. తర్వాత నాలుగు చక్రాల నట్లు, మోటారు స్క్రూలు ఒకసారి బిగించి, మోటారు మీద చెయ్యి పెట్టి చూడండి. రెండు సెకన్లు కూడా ఆనించలేనంత వేడిగా ఉంటే అరగంట ఆగండి. రెండో బ్యాటరీ అప్పుడు పెట్టొచ్చు.