వజ్రానికి కాగితం ముఖ్యమా, కోత ముఖ్యమా?

 ఈ శీర్షికలో ఎప్పుడూ బడి సంగతులో, పండుగ సంగతులో రాస్తుంటాను. ఈ నెల వజ్రాల గురించి రాస్తున్నాను. మన డర్బన్ పిల్లలు ఉద్యోగాలకు ఇక్కడికి, దోహాకు, వస్తున్నారు. కాస్త డబ్బు చేరగానే నిశ్చితార్థపు ఉంగరం కోసం సూక్ వాకిఫ్ దగ్గర ఉన్న బంగారం బజారుకు వెళ్తున్నారు. కొత్త రాయి ధర విని, ఇంకొకరు పెట్టుకుని అమ్మేసిన రాయి వైపు చూస్తున్నారు. అందులో నామోషీ ఏమీ లేదు. భూమి కడుపులో వంద కోట్ల ఏళ్ళకు పైగా ఉన్న వస్తువు, ఒకరి వేలికి ఇరవై ఏళ్ళు ఉన్నందువల్ల పాతబడిపోదు. ఎలా ఎంచుకోవాలో తెలిస్తే చాలు.

మా మేనల్లుడికి ఇదే సమస్య వచ్చింది. రెండు రాళ్ళ కాగితాలు ఫోటో తీసి పంపాడు. "అత్తా, రెండూ ఇంచుమించు ఒకటే ధర. పెద్దది తీసుకోనా?" అని అడిగాడు. వాడి రెండేళ్ళ పొదుపు అది. నేను లెక్కల టీచర్ని కాబట్టి ముందు అంకెలు చూశాను.

మొదటి రాయి 1.20 క్యారెట్లు, రంగు ఎఫ్, శుభ్రత వీఎస్1. రెండోది 1.01 క్యారెట్లు, రంగు హెచ్, శుభ్రత వీఎస్2. రంగు డి నుంచి జెడ్ దాకా లెక్కిస్తారు, డి అంటే అసలు రంగు లేనిది. శుభ్రత అంటే లోపలి మచ్చలు ఎంత తక్కువ అన్నది. బరువు, రంగు, శుభ్రత మూడింటిలోనూ మొదటిదే పైచేయి. ఎవరైనా అదే తీసుకుంటారు. కాని అదే కాగితంలో కొలతలు కూడా ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు. మొదటి రాయి అడ్డుకొలత 6.6 మిల్లీమీటర్లు, రెండోది 6.45. బరువులో దాదాపు ఐదో వంతు తేడా ఉంటే, పైనుంచి చూసేటప్పుడు తేడా మిల్లీమీటరులో ఆరో వంతు కూడా లేదు! మరి ఆ బరువంతా ఎక్కడికి పోయింది? కడుపులోకి పోయింది. మొదటి రాయి లోతు దాని అడ్డుకొలతలో 66 శాతం, రెండోదానికి 61.5 శాతం. బొద్దుగా ఉన్న ఆ కడుపు ఉంగరం లోపల దాక్కుంటుంది. బరువుకు డబ్బు తీసుకుంటారు, కంటికి మాత్రం కనపడదు.

కంటికి కనపడకపోవడం చిన్న నష్టం. వెలుగు పోవడం పెద్ద నష్టం. వజ్రం లోపలికి వెళ్ళిన కాంతి కింది పలకలకు తగిన వాలులో తగిలితే, అద్దానికి తగిలినట్టు అక్కడినుంచి తిరిగి పైకి వస్తుంది. కింది పలకల వాలు 41 డిగ్రీలకు దగ్గరగా ఉంటే గుండ్రటి రాయి బాగా మెరుస్తుంది. మరీ లోతైతే కాంతి పక్కకు జారిపోయి రాయి నడుమ మేకు తలలా నల్లగా కనిపిస్తుంది. మరీ పలచనైతే చేప కన్నులా బోసిగా ఉంటుంది. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు ఈ వాలులన్నీ లెక్క కట్టి పుస్తకం రాశాడు. గుండ్రటి రాయి కోతలో ఈనాటికీ మాట్లాడుకునే లెక్కలు అక్కడినుంచే మొదలయ్యాయి. రంగు ఒకటి రెండు మెట్లు తగ్గితే ఉంగరంలో మామూలు కన్ను పట్టుకోలేదు. కోత చెడితే పసిపిల్లవాడైనా పట్టుకుంటాడు.

పాత రాళ్ళ విషయంలో ఇంకో చిక్కు ఉంది. మొదటి రాయి కాగితం 2003 నాటిది. జీఐఏ ప్రయోగశాల గుండ్రటి వజ్రాల కోతకు మార్కులు వేయడం 2006లో మొదలుపెట్టింది. అంతకు ముందు కాగితాల్లో ఆ వరుసే ఉండదు. నునుపు, సమరూపం అనే రెండు వరుసలు మాత్రం ఉంటాయి. వాటి ఎదుట "వెరీ గుడ్" అని చూసి, కోత వెరీ గుడ్ అనుకుంటారు. అమ్మేవాడు ఔననడు, కాదనడు. నునుపు అంటే పలకలు ఎంత శుభ్రంగా సానపట్టారన్నది, అంతే. వంకరగా కట్టిన ఇంటికి కూడా సున్నం చక్కగా వేయవచ్చు కదా.

కోత బరువును తింటుంది. అందుకే సానపట్టేవాడు ఎప్పుడూ ఊగిసలాడుతాడు. దీనికి పెద్ద ఉదాహరణ మన తెలుగు నేలదే. బ్రెజిల్‌లో 1720లలో వజ్రాలు దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలు ఎక్కువగా మన దేశం నుంచే వెళ్ళేవి. వాటిలో పేరుగల గని కృష్ణా ఒడ్డున ఉన్న కొల్లూరు. ఇప్పుడది పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. కోహినూరు అక్కడిదేనని చాలామంది నమ్ముతారు. 1851లో లండన్ ప్రదర్శనలో పెడితే, చూడటానికి వచ్చిన జనం ఇది మెరవడం లేదేమిటని నిరాశపడ్డారు. మరుసటి ఏడు దాన్ని మళ్ళీ కోయించారు. 186 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లయింది.

ఖతార్‌తో ముడిపడిన కథ ఇంకొకటి ఉంది. విటెల్స్‌బాఖ్ అనే నీలి వజ్రం కూడా కొల్లూరుదేనని నిపుణుల అభిప్రాయం. 1722లో పెళ్ళి ద్వారా బవేరియా రాజవంశానికి చేరింది. 2008 డిసెంబరులో క్రిస్టీస్ వేలంలో లారెన్స్ గ్రాఫ్ అనే లండన్ వర్తకుడు దాన్ని 1 కోటి 64 లక్షల పౌండ్లకు కొన్నాడు. అప్పుడు అది 35.56 క్యారెట్లు. అంచుల్లో దెబ్బలున్నాయి, రంగు బూడిద కలిసిన నీలం అని కాగితం, శుభ్రత వీఎస్2. ఆయన మళ్ళీ సానపట్టించాడు. 31.06 క్యారెట్లకు దిగింది. కొత్త కాగితంలో బూడిద మాట పోయి ముదురు నీలం అయింది, శుభ్రత లోపల మచ్చ లేనిదిగా మారింది. నాలుగు క్యారెట్లకు పైగా పోగొట్టుకుని రెండు మార్కులు సంపాదించిందన్నమాట. ఆ తరువాత దాన్ని అప్పటి ఖతార్ అమీరు షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ కనీసం 8 కోట్ల డాలర్లకు కొన్నారని పత్రికలు రాశాయి. చరిత్ర ఉన్న రాయిని అలా కోయడం పాత చిత్రం మీద రంగు పూయడం లాంటిదని ఐరోపా మ్యూజియం వాళ్ళు బాధపడ్డారు. నేనూ వాళ్ళ పక్షమే. మూడు వందల ఏళ్ళ దెబ్బలు కూడా ఆ రాయి కథే. కాని మార్కెట్టు వేరే మాట చెప్పింది.

మళ్ళీ మా వాడి దగ్గరికి వద్దాం. ఇద్దరం కలిసి వెళ్ళాం. దుకాణంలో దీపాల కింద రెండూ ఒకటే మెరుపు. ఆ దీపాలు అందుకే పెడతారు, గాజుముక్క కూడా వాటి కింద నవ్వుతుంది. ముందు రాళ్ళు కడగమని అడిగాం. వజ్రానికి జిడ్డంటే మహా ఇష్టం. కింబర్లీ గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద కంకర పారించి వజ్రాలు పట్టుకునేవారు. వేలి జిడ్డు అంటితే మంచి కోత కూడా మందగిస్తుంది. కడిగాక కిటికీ దగ్గర నీడలో పెట్టి చూశాం. పెద్దది మధ్యలో మబ్బు పట్టినట్టుంది. చిన్నది చెయ్యి కదిపినప్పుడల్లా తెలుపూ నలుపూ ముక్కలుగా వెలిగింది. ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది.

అయినా వెంటనే డబ్బు ఇవ్వనివ్వలేదు. పది రెట్ల భూతద్దంలో అంచు మీద లేజరుతో చెక్కిన సంఖ్య, కాగితం మీది సంఖ్య ఒకటేనా చూశాం. ఆ సంఖ్యతో జీఐఏ వెబ్‌సైటులో వివరాలు సరిచూశాం. ప్రయోగశాలలో పెంచిన రాళ్ళు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటికీ అసలు వాటికీ తేడా కంటితో చెప్పలేం, యంత్రం కావాలి. తరువాత రాయిని ఉంగరం నుంచి తీయించి చూశాం. వజ్రం అరగదు గాని అంచు చిట్లుతుంది, ఆ చిట్లును పట్టుగోళ్ళ కింద దాచడం తేలిక. కాగితం రాసిన రోజున రాయి ఎలా ఉందో అదే చెబుతుంది, ఆ తరువాత తలుపుకు తగిలిన దెబ్బ సంగతి చెప్పదు. తీయనంటే కొనవద్దు. మా దుకాణదారు మంచివాడు, గొణుక్కుంటూనే తీశాడు.

చివరగా ఒక ఉత్తరం. చాట్స్‌వర్త్ నుంచి ఒక సోదరి, అవ్వ ఇచ్చిన "బ్లూ జాగర్" కమ్మలున్నాయి, కాగితాలు లేవు, కొత్త కోత కోయించి అమ్మాలా అని అడిగారు. బ్లూ జాగర్ అన్నది మద్రాసు వర్తకుల మాట. మన ఫ్రీ స్టేట్‌లోని యాగర్స్‌ఫాంటేన్ గని నుంచి వచ్చిన, నీలి ఛాయ ఉన్న తెల్లటి రాళ్ళకు పెట్టిన పేరు. ఆఫ్రికాన్స్‌లో "య" అని పలికేదాన్ని మద్రాసులో "జ" చేశారు. మన తాతలు నేటాల్ చెరుకు తోటల్లో ఉన్న కాలంలో, 1891 చట్టంతో, ఆ రాష్ట్రంలో భారతీయులు స్థిరపడటానికే వీలు లేకుండా చేశారు. అక్కడి రాళ్ళు మాత్రం సముద్రం దాటి మద్రాసు చేరాయి.

కాబట్టి అమ్మా, కోయించవద్దు. ఇప్పుడు ఆ పేరు మంచి రాయి అన్న అర్థంలో కూడా వాడుతున్నారు, నిజంగా ఆ గనివో కావో కాగితం కూడా చెప్పదు. పాత కోతకు ఇప్పటి మార్కులు సరిపోవు, కోయిస్తే బరువు ఖాయంగా పోతుంది. పాత కోతలనే కోరి కొనేవాళ్ళు ఉన్నారు. ముందు ఒక రాయిని మాత్రం ప్రయోగశాలకు పంపి రంగు, శుభ్రత రాయించుకోండి. పంపేముందు తూకం, కొలతలు మీ దగ్గర రాసి పెట్టుకోండి, ఫోటో తీయండి. తిరిగి వచ్చినప్పుడు అదే రాయి వచ్చిందో లేదో సరిచూసుకుని సంతకం చేయండి.