మొక్కుకి గుండు సరే, ఇష్టానికి క్రాపు?

పిల్లల హాస్య కథల మీద విమర్శ రాస్తే "నవ్వుకోవడానిక్కూడా స్త్రీవాదమేనా?" అంటారు. అవును, నవ్వుకి కూడా. ఎవరు నవ్విస్తారో, ఎవర్ని చూసి నవ్వుతారో ఆడపిల్లకి ఏడేళ్ళకే తెలిసిపోతుంది.

బుడుగు మనందరికీ ముద్దే. కానీ కథ చెప్పేది బుడుగు. సీగాన పెసూనాంబ పక్కింటి పిల్ల. 2008లో హైదరాబాదులో పుట్టిన ఛోటా భీమ్‌లో బలమంతా భీముడిది. అతనికి లడ్డూలు తెచ్చిపెట్టడం చుట్కీ వంతు. యాభై ఏళ్ళలో ఆడపిల్ల పక్కింట్లోంచి వంటింట్లోకి వచ్చిందంతే!

మైపాడు ఒడ్డున పిల్లల ఆటలు చూస్తుంటాను. మెడకు తువ్వాలు కట్టుకున్న మగపిల్లలంతా హీరోలే. ఆ మధ్య ఓ ఏడేళ్ళ పిల్ల అమ్మ పాత చీరముక్క కట్టుకుని పడవ మీంచి ఇసుకలోకి దూకింది. పరిగెత్తబోతే మగపిల్లలు జడ పట్టి ఆపేశారు. ఇంటికెళ్ళి క్రాపు చేయించమంది. "జడ లేని పిల్లని ఎవురు చేసుకుంటారమ్మే?" అంది వాళ్ళ అవ్వ. ఆ పిల్లకే అప్పటికి రెండుసార్లు తిరుమలలో గుండు చేయించారు. అప్పుడెవరూ పెళ్ళి గురించి బెంగపడలేదు!

అసలు సంగతి ఇక్కడే ఉంది. జుట్టు తీయించడం తప్పు కాదు, తీయించమని ఆ పిల్ల అడగడం తప్పు. దేవుడికిస్తే అవి తలనీలాలు. పొడవుని బట్టి వేరుచేసి వేలం వేస్తారు. భర్త పోతే బలవంతంగా తల గొరిగించడం ఒకనాటి ఆచారం. 1881లో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించేనాటికీ అది నడుస్తూనే ఉంది. జడైనా, గుండైనా మన నెత్తినే. నిర్ణయం మాత్రం మనది కాదు.

చిన్న బొమ్మల పుస్తకం ఏం చేస్తుందంటారా? నెల్లూరు వాళ్ళం ఆ మాట అనకూడదు. అక్షరాస్యత వాచకంలోని ఓ చిన్న పాఠం దూబగుంట ఆడవాళ్ళని కదిలించింది. 1992లో అది సారా వ్యతిరేక ఉద్యమమైంది. 1993 అక్టోబరు నాటికి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

మనలో పిల్లలకు రాసేవాళ్ళు తక్కువ. ఇకనైనా రాద్దాం. చీరముక్క మెడకు కట్టుకుని ఎగిరే పిల్ల కథ రాద్దాం. కత్తెర వంకర పోయి జుట్టు ఓ పక్క పొట్టిగా, ఓ పక్క పొడుగ్గా మిగిలితే అద్దంలో చూసుకుని ముందు ఆ పిల్లే పగలబడి నవ్వాలి. తర్వాత మనం నవ్వుదాం. చివరి పేజీలో మాత్రం దయచేసి ఆ పిల్లకి జడ వేయకండి, బుద్ధీ చెప్పకండి.