మువ్వ లేని మేజోడు

రెండేళ్ల క్రితం డిసెంబరు నెలంతా మా అమ్మాయి వాళ్లింట్లో ఉన్నాను. ఊరు ఎడిసన్, అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం. మనవాళ్లకి కొదవలేని ఊరు కాబట్టి గోంగూరకీ, కబుర్లకీ లోటు లేదు. కానీ ఆ చలికి నేను గడప దాటలేను. టీవీ ఎంతసేపని చూస్తాం? కుట్టు మిషను ముందేసుకుని కూర్చోవడమే నాకు తెలిసిన కాలక్షేపం.

ఒకరోజు మనవరాలు స్కూలు నుంచి వస్తూనే, "అమ్మమ్మా, బ్రూనోకి స్టాకింగ్ లేదు" అంది దిగులుగా. వాళ్ల హాల్లో చలిమంట గూడు పైనున్న చెక్కకి నాలుగు ఎర్ర మేజోళ్లు వేలాడుతున్నాయి. అమ్మకొకటి, నాన్నకొకటి, పిల్లలిద్దరికీ చెరొకటి. బ్రూనో అంటే వాళ్ల కుక్క. పదకొండేళ్ల లాబ్రడార్. కీళ్ల నొప్పుల్లో దానికీ నాకూ పోటీ.

"కుక్కకి మేజోడేమిటే?" అని నవ్వాను. క్లాసులో కుక్కలున్న పిల్లలందరి ఇళ్లలోనూ ఉన్నాయట. పిల్లులకీ ఉన్నాయట. ఒకరింట్లో కుందేలుక్కూడా ఉందట! అమ్మాయినడిగితే "నిజమేనమ్మా, ఇక్కడ చాలామంది అలా కడతారు. షాపుల్లో రెడీమేడ్‌వీ దొరుకుతాయి" అంది. ఇంట్లో మిషనూ, చేతిలో పనీ ఉండగా కొనడమెందుకు? సరేనన్నాను.

అసలీ మేజోళ్ల గొడవేమిటో తెలుసుకుందామని అడిగితే అల్లుడు చెప్పిన కథ నాకు భలే నచ్చింది. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊళ్లో నికొలస్ అనే బిషప్ ఉండేవాడు. ఆ ప్రాంతంలో ఓ పేదవాడికి ముగ్గురు కూతుళ్లు. కట్నమివ్వలేక పెళ్లిళ్లు ఆగిపోయాయి. (చూశారా, ఆ బాధ అక్కడా ఉంది!) నికొలస్ రాత్రివేళ ఎవరికీ తెలియకుండా వాళ్లింట్లోకి బంగారం విసిరాడట. అది పొయ్యి దగ్గర ఆరేసిన మేజోళ్లలో పడిందని జనం చెప్పుకునే కథ. ఆ బంగారానికి గుర్తుగానే ఇప్పటికీ కొందరు మేజోడు బొటనవేలి దగ్గర ఓ కమలాపండు పెడతారట. 1823 డిసెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊరి పత్రికలో అచ్చయిన ఓ పద్యంలో కూడా పొగగొట్టం పక్కన వేలాడే మేజోళ్లున్నాయి. అంటే ఆ దేశంలో ఇది రెండొందల ఏళ్ల నాటి మాట.

ఆరు మువ్వలే ఉన్నాయి

కథ విన్నాక ఉత్సాహం ఆగలేదు. ఎర్ర గుడ్డ తీశాను. మనూరి నుంచి తెచ్చుకున్న జరీ అంచు, అద్దాలు, చెమ్కీలు అన్నీ కుట్టాను. చివర్న ఏడు మువ్వలు కట్టాను. వాళ్లింటి గోడకి అంత అందమైన వస్తువు మరోటి లేదని నా నమ్మకం. ఫోటోలు తీసి మా అక్కకీ, చెల్లెలికీ పంపాను.

మర్నాడు మధ్యాహ్నం ఓ కునుకు తీసి లేచేసరికి మేజోడు నేలమీద ఉంది. బ్రూనో దాని పక్కన పడుకుని తోకాడిస్తోంది. తీసి చూస్తే ఒక మూల నమిలేసింది. మువ్వలు లెక్కపెట్టాను. ఆరు. సోఫా కింద వెతికాను, తివాచీ దులిపాను. ఆరే.

అమ్మాయికి ఫోన్ చేస్తే ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చింది. జంతువుల ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే కడుపులో మువ్వ గుండ్రంగా, తెల్లగా మెరుస్తూ కనిపించింది. చిన్నదీ, నున్ననిదీ కాబట్టి, ఇంకా పేగుల్లోకి దిగలేదు కాబట్టి ఇంజెక్షనిచ్చి కక్కించారు. అదే పేగులోకి దిగి అడ్డుపడితే ఈ వయసులో పొట్ట కోయాల్సి వచ్చేదన్నారు. బిల్లెంతయిందో అమ్మాయి చెప్పలేదు. అల్లుడూ చెప్పలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ రాత్రి బ్రూనో వచ్చి ఎప్పటిలాగే నా కాళ్ల దగ్గర పడుకుంటే ఏడుపొచ్చింది.

నేను చేసిన పొరపాటేమిటో అప్పుడర్థమైంది. ఆ మేజోడు నేను బ్రూనో కోసం కుట్టలేదు. ఫోటో కోసం కుట్టాను. మనం కళ్లతో చూసి మురిసేదాన్ని కుక్క ముక్కుతో వాసన చూస్తుంది, పంటితో పరీక్షిస్తుంది. కాబట్టి దానికోసం కుట్టేది కళ్లకి కాదు, నోటికి సరిపోవాలి.

రెండోసారి ఇలా కుట్టాను

మీ ఇంట్లోనో, విదేశాల్లో ఉన్న మీ పిల్లల ఇంట్లోనో కుక్కో పిల్లో ఉంటే మీకూ పనికొస్తుంది.

గుడ్డ: మెత్తటి ఫ్లీస్ అర మీటరు చాలు. దాని అంచుల్లో దారాలు ఊడిరావు. పాత ఫ్లీస్ దుప్పటైనా ఫర్వాలేదు. ఊలుతో అల్లినది, జరీది, లేసుది వద్దు.

నమూనా: పాత న్యూస్‌పేపరు మీద మేజోడు బొమ్మ గీయండి. కుక్కకైతే పొడవు 18 అంగుళాలు, పైన వెడల్పు 7 అంగుళాలు. పిల్లికి 12, 5 అంగుళాలు సరిపోతాయి. కుట్టు కోసం చుట్టూ అరంగుళం అదనంగా వదిలి కత్తిరించండి.

కుట్టడం: గుడ్డని మంచివైపు లోపలికి వచ్చేలా రెండు మడతలు వేసి, కాగితం పెట్టి కత్తిరించండి. గుండుసూదులు ఎన్ని గుచ్చారో లెక్క రాసుకోండి. తీసేటప్పుడు అన్నీ రావాలి. పైభాగం వదిలేసి చుట్టూ మిషను మీద రెండు వరసలు కుట్టండి. మడమ దగ్గర, వేళ్ల దగ్గర వంపుల్లో కుట్టు తెగకుండా చిన్న చిన్న గాట్లు పెడితే తిరగేసినప్పుడు ముడతలు రావు. పై అంచుని రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టండి. వేలాడదీయడానికి రిబ్బను వద్దు. అదే గుడ్డతో పట్టీ కుట్టి, మడమ వైపు అంచులో చొప్పించి గట్టిగా కుట్టేయండి.

అలంకారం: పేరొక్కటే, గొలుసు కుట్టుతో. గుండీలు, పూసలు, అద్దాలు, చెమ్కీలు, మువ్వలు, జిగురుతో అంటించేవి ఏవీ వద్దు.

లోపల ఏం పెట్టాలి?

అడుగున కమలాపండు బదులు బంతి పెట్టాను. బంతి కుక్క గొంతులోకి జారనంత పెద్దదై ఉండాలి. మిగిలిన ఫ్లీసుని మూడు పట్టీలుగా కోసి, జడ అల్లి, రెండు చివర్లా గట్టిగా ముడేస్తే లాగి ఆడుకునే బొమ్మ తయారు. పైన అది రోజూ తినే బిస్కెట్లు నాలుగు.

పెట్టకూడనివే ఎక్కువ. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్కలకి విషం. చాక్లెట్ ఎంత చేదుగా ఉంటే అంత ప్రమాదం. ద్రాక్ష, కిస్‌మిస్‌లు మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. కాబట్టి ప్లమ్ కేకు ముక్కయినా వద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో వాడే జైలిటాల్ వల్ల కుక్కకి రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి కలిసినవీ, ఉడికించిన ఎముకలూ కూడా వద్దు. ఏదైనా తినేసిందని అనుమానం వస్తే మీరే కక్కించే ప్రయత్నం చేయకుండా వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి.

పిల్లులకైతే దారం, రిబ్బను, క్రిస్మస్ చెట్టుకి కట్టే తళుకు తీగ పరమ శత్రువులు. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలివైపు వాలి ఉంటాయి. అందుకని నోట్లో పడిన దారాన్ని ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. అది పేగుల్ని కుచ్చెళ్లలా దగ్గరికి లాగేస్తుంది. నోటి నుంచి దారం వేలాడుతూ కనిపించినా లాగకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లి మేజోడులో క్యాట్‌నిప్ అనే ఎండుటాకు పొడి కుట్టిన చిన్న గుడ్డ దిండు పెడతారక్కడ. ఆ వాసనకి కొన్ని పిల్లులు మైమరచి దొర్లుతాయి, కొన్ని పట్టించుకోవు. మన పెరట్లో కుప్పింటాకు మొక్క పీకితే వేరు కోసం పిల్లులు చేరడం మీలో కొందరు చూసే ఉంటారు. అలాంటిదే.

అన్నింటికన్నా ముఖ్యమైంది, మేజోడు వాటికి అందనంత ఎత్తులో కట్టాలి. పండగ రోజు మనమే దించి, ఒక్కొక్కటీ తీసిచ్చి, దగ్గర కూర్చుని చూడాలి. తర్వాత మేజోడు బీరువాలో పెట్టేయాలి.

ఆ క్రిస్మస్ ఉదయం బ్రూనో బంతి కోసం ముక్కంతా మేజోడులో దూర్చి, బయటికి తీయలేక ఇల్లంతా తిరిగింది. మనవలిద్దరూ నవ్వి నవ్వి పడిపోయారు.

నిరుడు వానాకాలంలో బ్రూనో పోయింది, ముసలితనంతోనే. డిసెంబరులో వీడియో కాల్ చేస్తే అయిదో మేజోడు దాని చోట అదే ఉంది. "ఎందుకే?" అన్నాను. మనవరాలు దాన్నిండా బిస్కెట్లూ బంతులూ నింపి, దిక్కులేని కుక్కల్ని ఉంచే చోట ఇచ్చొస్తుందట. "ఇంకో పది కుట్టి పంపుతావా అమ్మమ్మా, మువ్వల్లేకుండా" అంది.

కుడుతున్నాను. ఆ ఏడో మువ్వని డాక్టరు కాగితం కవర్లో పెట్టిచ్చారు. అది నా సూదుల డబ్బాలోనే ఉంది. గుడ్డ కత్తిరించే ముందు ఓసారి తీసి చూసుకుంటాను.