నెలలు నిండకుండానే నొప్పులా?

ఎనిమిదో నెల. సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి ఉండగా ఉన్నట్టుండి పొట్టంతా బిగుసుకుపోతుంది. చేత్తో తాకితే రాయిలా ఉంటుంది. అర నిమిషంలో వదులవుతుంది. పది నిమిషాలకు మళ్లీ అంతే. 'దొంగ నొప్పులేనమ్మా, జీలకర్ర కషాయం తాగి పడుకో' అంటారు అత్తగారు. మొన్ననే ఆస్పత్రికి వెళ్లి 'ఏమీ లేదు' అనిపించుకుని వచ్చిన కోడలికి మళ్లీ వెళ్దామని అడగాలంటే మొహమాటం. ఈ మొహమాటమే ఒక్కోసారి ముప్పు తెస్తుంది.

ఎందుకిలా?

గర్భాశయం కండరంతో తయారైన సంచి. నెలలు నిండకముందే అప్పుడప్పుడూ బిగుసుకుని వదులవడం దానికి సహజం. 1872లో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ వీటి గురించి వివరంగా రాశారు. అందుకే డాక్టర్లు వీటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. కొందరిలో ఇవి రోజూ, గంటకు చాలాసార్లు వస్తుంటాయి. దాన్నే 'ఇరిటబుల్ యుటెరస్' అంటారు. నొప్పులు వస్తున్నా గర్భాశయ ముఖద్వారం మాత్రం తెరుచుకోదు. ఇలాంటివారిలో ఎక్కువమందికి నెలలు నిండాకే కాన్పవుతుంది.

నీళ్లు సరిగా తాగకపోయినా, మూత్రం బిగబట్టినా, ఎక్కువసేపు నిలబడినా, బరువులెత్తినా ఇవి పెరుగుతాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా అంతే. కడుపులో కవలలున్నప్పుడు, ఉమ్మనీరు ఎక్కువైనప్పుడు కూడా తరచుగా కనిపిస్తాయి.

ఒక గంట పరీక్ష

37 వారాలు నిండకముందు పొట్ట పదేపదే గట్టిపడుతుంటే ముందు మూత్రానికి వెళ్లి రావాలి. రెండు గ్లాసుల నీళ్లు తాగి ఎడమవైపు తిరిగి పడుకోవాలి. పొట్ట మీద చెయ్యి ఉంచి, బిగుసుకున్న ప్రతిసారీ గడియారం చూసి కాగితం మీద రాసుకోవాలి. దొంగ నొప్పులైతే చాలావరకు తగ్గుముఖం పడతాయి. గంటలో నాలుగైదుసార్లకు మించినా, వాటి మధ్య వ్యవధి తగ్గుతున్నా ఆస్పత్రికి బయల్దేరాలి. రోజూ వచ్చేవాళ్లు తమకు ఎన్ని మామూలో, ఎన్ని దాటితే రావాలో డాక్టర్ని ముందే అడిగి ఉంచుకోవడం మంచిది.

రక్తం కనిపించినా, నీరు కారుతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా, జ్వరం వచ్చినా, పొట్ట వదులవకుండా గట్టిగా ఉండి తీవ్రంగా నొప్పి పెడుతున్నా ఆ గంట కూడా ఆగకూడదు. వచ్చిపోయే నడుం నొప్పి, పొత్తికడుపులో కిందికి నొక్కుతున్నట్టుండటం కూడా పురిటి నొప్పులకు సూచనలు కావచ్చు.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

అసలు తేడా తెలిసేది ముఖద్వారాన్ని పరీక్షించాకే. స్కానింగులో దాని పొడవు 30 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే వెంటనే కాన్పయ్యే అవకాశం తక్కువ. మూత్రపరీక్ష కూడా చేస్తారు.

నిజమైన పురిటి నొప్పులే అయితే మందులతో కాన్పును సాధారణంగా ఓ రెండు రోజులు వాయిదా వేసే ప్రయత్నం చేస్తారు. ఆ రెండు రోజులూ ఎంతో విలువైనవి. 24 నుంచి 34 వారాల మధ్య తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వమవుతాయి. న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హోవీ 1972లోనే ఈ సంగతి వెల్లడించారు. మన దేశంలోనూ జరిపిన ఓ అంతర్జాతీయ అధ్యయనం 2020లో దీన్ని మరోసారి రుజువు చేసింది. ఈ మందు పూర్తిగా పనిచేయడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఇంట్లో కషాయాలతో కాలక్షేపం చేస్తే చేజారేది ఆ సమయమే. నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉన్న ఆస్పత్రికి తల్లిని తరలించడానికీ ఆ వ్యవధి కావాలి.

మంచం దిగకూడదా?

అవసరం లేదు. నెలల తరబడి మంచం పట్టి ఉంటే ముందస్తు కాన్పు ఆగుతుందని రుజువు కాలేదు. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నీళ్ల బిందెలు మొయ్యడం, గంటలకొద్దీ నిలబడటం మానేసి, పొట్ట బిగుసుకోగానే చేస్తున్న పని ఆపి కూర్చుంటే చాలు. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే మాత్రం ఆ ప్రకారం నడుచుకోవాలి. పక్కింటావిడ వాడిన మాత్రలు కొనుక్కోకూడదు.

'ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో అయితే కష్టం' అన్న మాటలో నిజం లేదు. కడుపులో గడిపే ప్రతి అదనపు వారమూ బిడ్డకు బలమే.

ఇంట్లోవాళ్ల వంతు

పరీక్షల ఫైలు, రెండు జతల బట్టలు ఒక సంచిలో సర్ది ఉంచాలి. రాత్రివేళ ఏ వాహనం వస్తుందో, పెద్దపిల్లను ఎవరు చూస్తారో ముందే అనుకోవాలి. 108 నంబరు ఉండనే ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె 'మళ్లీ వస్తున్నాయి' అన్నప్పుడు విసుక్కోకుండా లేచి బయల్దేరడం. నాలుగోసారి వెళ్లినా 'ఏమీ లేదు, ఇంటికెళ్లండి' అంటే సంతోషంగా వెనక్కి రావచ్చు. ఐదోసారి వెళ్లడానికీ సందేహించకూడదు.