కమాను కట్టా? కాయిల్ స్ప్రింగా?

సావనీరుకు వ్యాసమంటే సాహిత్యం మీదనో, యువతరం కర్తవ్యం మీదనో ఉండాలని ఒక ఆనవాయితీ. పికప్ బండి ముందు ఇరుసు మీద రాస్తానంటే సంపాదకవర్గంలోని మిత్రుడు పకపకా నవ్వాడు. నవ్వితే నవ్వనీ. హుక్ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకునే వాళ్ళం, అదే సూత్రం ఇంటి ముందు నిలబడితే మొహం చాటేయడం ఏం న్యాయం?

మాది బాలాపూర్. పేరు చెప్పగానే అందరికీ వినాయకుడి లడ్డూ గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ వేలం 2025లో 35 లక్షలకు పోయింది. ఊళ్ళో భూమి ధర కూడా ఆ దారినే పోయింది లెండి. పొలాలు ప్లాట్లయ్యాక మావాళ్ళు కందుకూరు వైపు కౌలుకు పట్టి కూరగాయలు పండిస్తున్నారు. తెల్లవారకముందే సరుకు సరూర్‌నగర్ రైతుబజారుకు చేరాలి. చేను గట్టు నుంచి తారురోడ్డు దాకా వానాకాలంలో మోకాలి లోతు బురద. అందుకే నాయిన పాత ఫోర్‌వీల్ పికప్ ఒకటి కొన్నాడు. దానికి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, టోర్షన్ బార్లు మోస్తాయి. రోడ్డు మీద సుఖమే. బురదలోనే రబ్బరు బూట్లు చినగడం, బాల్ జాయింట్లు అరగడం. ఏటా అదే ఖర్చు.

ఆటోనగర్‌లో మేము నమ్మే ఉస్తాద్ ఒక మాటన్నాడు: "పటేలా, ఇదంతా కోసి పారేసి పాత జీపు ఫ్రంట్ హౌసింగ్ ఎక్కిద్దాం. మన ఎడ్లబండి ఇరుసు లెక్క ఒకటే కడ్డీ. ఇరిగేదేముంటది?" నాయిన నా దిక్కు చూసి, "సైన్సు చదువుతున్నవు గదా బిడ్డా, నువ్వు చెప్పు" అన్నాడు. చెప్పక తప్పుతుందా?

ఈ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో అమ్మిన టొయోటా ఫోర్‌వీల్ పికప్‌కు 1985 దాకా ముందు నిండు ఇరుసే ఉండేది. 1986 మోడల్ నుంచి విడి చక్రాల పద్ధతి వచ్చింది. కొండలెక్కే కుర్రాళ్ళకు అది నచ్చక మళ్ళీ పాత ఇరుసులే బిగించుకోవడం మొదలుపెట్టారు. అసలు చిక్కు ఇరుసు దగ్గర కాదు, దాని మీద ఏ స్ప్రింగు పెట్టాలన్న దగ్గర వస్తుంది.

మెత్తదనం సంగతి ముందు చూద్దాం. బండి బరువుకు స్ప్రింగు 5 సెంటీమీటర్లు అణిగితే, బండి సెకనుకు రెండుసార్లకు పైన ఊగుతుంది. 20 సెంటీమీటర్లు అణిగితే ఒకసారికి కాస్త ఎక్కువ. లెక్క మొదటేడాది పుస్తకంలో ఉన్నదే. అణగడం నాలుగింతలైతే ఊపు సగమవుతుంది. ఊపు నెమ్మదైతే నడుముకు సుఖం, టమాటా పెట్టెలకూ సుఖం. ఈ పని కాయిల్ చక్కగా చేస్తుంది. కమాను కట్టలో పట్టీకి పట్టీకి మధ్య రాపిడి ఉంటుంది గనుక చిన్న చిన్న గతుకులకు అది కదలనే కదలదు.

అయితే కాయిల్‌కే ఓటు వేయాలి గదా అంటారు. ఆగండి. కాయిల్ బరువును మోస్తుందే గాని ఇరుసును పట్టుకోదు. బ్రేకు కొడితే ఇరుసు తిరగబోతుంది, మలుపులో పక్కకు జారబోతుంది. దాన్ని ఆపడానికి పొడుగు చేతులు కావాలి, అడ్డంగా పాన్‌హార్డ్ రాడ్ కావాలి. ఆ రాడ్, స్టీరింగు రాడ్ ఇంచుమించు ఒకే వాలులో, ఒకే పొడవులో ఉండకపోతే గుంటలో పడ్డప్పుడల్లా స్టీరింగు దానంతటదే తిరుగుతుంది. 2023లో మన దేశంలో అమ్మకానికొచ్చిన మారుతి జిమ్నీకి ముందూ వెనకా నిండు ఇరుసులే, కాయిల్ స్ప్రింగులే. కాని ఆ చేతుల కొలతలు కంపెనీ ఇంజనీర్లు కాగితం మీద తేల్చినవి. చాసిస్‌కు బ్రాకెట్లు కంటిచూపుతో వెల్డింగు చేసే చోట అంత నమ్మకం నాకు లేదు. ఉస్తాద్ చేతిలో పనితనం లేదని కాదు, చేతికి కొలత అందించే వాడు లేడని.

కమాను కట్ట రెండు పనులూ తానే చేస్తుంది: మోస్తుంది, పట్టుకుంటుంది. ఒక పట్టీ విరిగినా మిగతా పట్టీల మీద మెల్లగా ఇల్లు చేరవచ్చు. దానికి పనిచేసే కొలిమి ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది.

"లోడు బండికి కమానే" అని అందరూ అనే మాట మాత్రం నేనొప్పుకోను. పికప్‌లో సరుకు బరువు ఎక్కువగా వెనక ఇరుసు మీదనే పడుతుంది, ముందు పెద్దగా మారదు. టొయోటా లాండ్‌క్రూజర్ 70 వరస బండ్లకు 1999లో ముందు కాయిల్ పెట్టి వెనక కమాను ఉంచేశారంటే అందుకే. నేను కమానంటున్నది లోడు కోసం కాదు, పట్టు కోసం.

కమాను పెట్టినా కొన్ని షరతులున్నాయి. పొట్టి పట్టీలు ఎక్కువ కాదు, పొడుగు పట్టీలు తక్కువ ఉండాలి. షాకిల్ వెనక పక్కన ఉంటే కట్ట సాగినప్పుడు చక్రం గతుకుకు తలొంచి వెనక్కి జరుగుతుంది. ముందుంటే గతుకులోకే దూసుకుపోతుంది. ముందూ వెనకా డిఫరెన్షియళ్ళలో పళ్ళ నిష్పత్తి ఒక్కటే కావాలి, లేకుంటే ఫోర్‌వీల్ వేసిన రోజే గేరుపెట్టెకు చావు.

అన్నిటికన్నా పెద్ద షరతు చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏటి సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చేరాయి. కోపమొస్తుంది నిజమే, షోకుకు సైలెన్సరు మార్చేవాడూ బురద కోసం ఇరుసు మార్చే రైతూ ఒకే గాటన కట్టబడ్డారు. కాని రాత్రి మూడింటికి నిద్రకళ్ళతో ఆ బండిలో పోయేది మా అన్న. ఎదురుగా వచ్చేది ఇంకెవరి అన్నో. కొలత తప్పిన స్టీరింగుకు రైతు, షోకు అన్న తేడా తెలీదు.

అందుకని నాయినకు ఇట్లా చెప్పాను: ఈ బండి ఇరుసు కోయొద్దు, బాల్ జాయింట్లు, బూట్లు కొత్తవి వేయిద్దాం. నిండు ఇరుసే కావాలంటే కంపెనీయే దాన్ని కమాను కట్టల మీద బిగించి అమ్మిన పాత ఫోర్‌వీల్ జీపు, కాగితాలు సరిగా ఉన్నది, వెతుకుదాం. ఉస్తాద్‌కు ఈ మాట రుచించలేదు. నాయిన మాత్రం మిరప కోత అయిపోయేదాకా ఆగి చెబుతానన్నాడు.