ఉప్పెన తర్వాత
కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయని తేలిగ్గా అనేస్తాం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. పోయినవాళ్లకు అది నేర్పిందేమీ లేదు. నేర్చుకున్నది మిగిలినవాళ్లు. తాటిచెట్టును కావలించుకుని, రొమ్మంతా చీరుకుపోయినా పట్టు వదలనివాళ్లకు తమ సత్తా ఏమిటో ఆ రాత్రే తెలిసింది. ఉప్పు పేరుకున్న చేలను మంచినీళ్లతో కడిగి మళ్లీ నాట్లేశారు. అంతకన్నా పెద్ద ధైర్యం నాకు 1990 మే తుఫానులో కనిపిస్తుంది. ఇల్లూ వాకిలీ, గొడ్డూ గోదా వదిలి తీరంలో లక్షలమంది ముందే కదిలారు. సముద్రం బలమెంతో, తమ బలమెంతో ఎరిగినవాళ్లే అలా కదలగలరు. దాన్ని పిరికితనమనడం అన్యాయం. మా బంటుమిల్లి బడుల్లో ఉప్పెనతో పాటు ఆ తరలింపు గురించీ పిల్లలకు చెప్పించాలి, చూసినవాళ్లు మన మధ్య ఉండగానే.